తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

తుపాకుల కొట్టులో పద్దెనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యానని చెబితే కుర్రాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు, వాళ్ల అమ్మానాన్నలు కాస్త వెనక్కి జరుగుతారు. ఇద్దరినీ నిరాశపరచక తప్పదు. ఆ పద్దెనిమిదేళ్లలో తుపాకి పేలిన చప్పుడు కంటే కాగితాలు తిరగేసిన చప్పుడే నేను ఎక్కువ విన్నాను. సిడ్నీకి పడమటి వైపు, ఒక టైర్ల షాపుకీ వంటగది బండలు కోసే షాపుకీ మధ్య ఉండేది మా కొట్టు. కిటికీలకు ఊచలు, లోపల నూనె వాసన, ఎప్పుడూ మరుగుతూ ఉండే టీ కెటిల్. వచ్చేవాళ్లలో సగం మంది పొలాల్లో నక్కల బాధ పడలేని రైతులు. మిగతా సగం మంది గురి పోటీలకు వెళ్లే క్లబ్బు సభ్యులు.

ఈ మధ్య ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు కొందరు పుట్టినరోజు పార్టీల్లో నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, ఫ్యామిలీ సేఫ్టీకి ఒక హ్యాండ్‌గన్ కొనాలంటే ప్రొసీజర్ ఏంటి?" అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇంటి రక్షణ కోసమని చెప్పి ఈ దేశంలో మీరు పిస్తోలు కొనలేరు. ప్రాణభయం, ఆస్తిభయం ఇక్కడి చట్టం ఒప్పుకునే కారణాలు కావు. ఈ ఒక్క ముక్కను నేను ఒక మనిషికి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదు. మిగిలిన కథంతా దాని ఫలితం.

నేనెవరినో కూడా కొంచెం చెప్పాలి. మాది తెనాలి వైపు. వయసులో ఉన్నప్పుడు గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రాలు వాదసభలు జరిగేవి. ముహూర్తాల మీద, కులం మీద, వితంతువుల బతుకు మీద ఎదుటివాణ్ణి నిలబెట్టి అడగడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఒకసారి ఒక బాబాగారితో మూడు గంటలు వాదిస్తే, సభ చివర పదిమంది తమ చేతులకున్న తాయెత్తులు తెంపి బల్ల మీద పడేశారు. ఆ గర్వం నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. "రుజువు చూపించు" అనేది నా ఊతపదం. చదువుకున్నది మాత్రం ఫిట్టరు పని. ఆ పని మీదే ఆస్ట్రేలియా వచ్చాను. మొదట చేరిన వర్క్‌షాపు మూతపడితే, లేతు మీద చెయ్యి తిరిగినవాడు కావాలని ఈ తుపాకుల కొట్టు యజమాని పిలిచాడు. మరమ్మతులకు చేరినవాణ్ణి మెల్లగా కౌంటరు దగ్గరికీ వచ్చాను.

మా యజమాని పొడవాటి మనిషి. చలికాలం, ఎండాకాలం అని లేకుండా ఒకే ఆకుపచ్చ స్వెట్టరు. ఆయనకో అలవాటు ఉండేది. మొదటిసారి పిస్తోలు కొనేవాడి కాగితాలన్నీ చూశాక, వస్తువును కౌంటరు మీద పరిచిన గుడ్డ మీద ఖాళీగా తెరిచి పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు. "ఇంట్లో దీని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, మేట్?" అడిగి ఊరుకునేవాడు. ఎదుటివాడు ఎంతసేపు తడుముకుంటే అంతసేపు ఈయన టీ తాగేవాడు. ఇది కేవలం చాదస్తమని మొదట్లో అనుకున్నాను.

ఒక శనివారం ఉదయం సిడ్నీ శివారు రౌస్ హిల్ నుంచి ఒక మనవాడు వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. నిజామాబాద్ వాడు, ఐటీ ఉద్యోగం. కౌంటరు వెనక నా మొహం చూడగానే అతని ప్రాణం లేచి వచ్చింది.

"అంకుల్, మీరు తెలుగేనా? అబ్బ, బతికిన! పొద్దుగాల్నుంచి ఎట్ల అడగాల్నో రిహార్సల్ చేస్కుంటున్న."

చంకలోంచి నీలం రంగు ఫైలు తీసి నా ముందు పెట్టాడు. పెళ్లి ఆల్బమంత లావు ఉంది. విరిగిన లాండ్రీ తలుపు ఫోటోలు, పోలీసులు ఇచ్చిన నంబరు, బస్తాలోంచి వంటింటి గచ్చు మీదికి కుమ్మరించిన బియ్యం ఫోటో. మనవాళ్లు బంగారం బియ్యంలో దాస్తారని దొంగలకు మనకంటే బాగా తెలుసు, తిన్నగా అక్కడికే పోయారు. ఆ తరువాత వీధిలో వాళ్లు సంతకాలు చేసిన కాగితం, అసోసియేషన్ ప్రెసిడెంటు లేఖ, ఒక డాక్టరు లేఖ. అన్నిటి సారాంశం ఒకటే: ఈయన కుటుంబానికి ముప్పు ఉంది.

మన దగ్గర కలెక్టరేటులో ఆయుధ లైసెన్సుకు పోయేవాడు తన ప్రాణానికి ఎంత ముప్పు ఉందో రుజువులు పోగుచేసుకుంటాడు. ఎంత భయం చూపిస్తే అంత బలం. ఇతనూ అదే చేశాడు. ఇక్కడ ఆ ఫైలు పనిచేసేది తలకిందులుగా. తన దరఖాస్తును తనే తిరస్కరించుకోవడానికి నెల రోజులు కష్టపడి సాక్ష్యం సేకరించాడన్నమాట.

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే చెవులు కాలుతాయి.

"ఈ ఫైలు తీసుకెళ్లి అటకెక్కించు బాబూ. భయమన్న మాట ఎక్కడా ఎత్తకు. క్లబ్బులో చేరు. సేఫ్టీ కోర్సు చెయ్యి. ఆర్నెల్లు క్లబ్బు పిస్తోలుతోనే కాల్చాలి. లైసెన్సు ఫారంలో కారణం అన్న చోట గురి పోటీలు అని రాయి. ఆ తరవాత సొంతది కొనడానికి పర్మిట్ వస్తుంది, అప్పుడు నా దగ్గరికి రా."

"గంతేనా? గురి పోటీలు అని రాస్తే ఇస్తరా?"

"రాస్తే కాదు, వెళ్తే ఇస్తారు. వెళ్లు మరి."

చూశారా, మాట తిప్పాను. సత్యం కోసం బాబాలతో పోట్లాడినవాణ్ణి, భయంతో వచ్చిన ఒక మనిషికి ఏ అబద్ధం రాస్తే పని అవుతుందో నేర్పి పంపాను. అప్పుడది అబద్ధంగా తోచలేదు. చట్టం తెలిసినవాడు చట్టం తెలియనివాడికి దారి చూపడం అనుకున్నాను. మనవాడికి సాయం చేశానన్న తృప్తితో ఆ మధ్యాహ్నం రెండో టీ కూడా తాగాను.

అతను బుద్ధిమంతుడు. చెప్పినవన్నీ చేశాడు. రెండు మూడు వారాలకోసారి కొట్టుకు వచ్చి అద్దం వెనక ఉన్నవి చూసేవాడు. పొడుగు గొట్టం ఉన్న పాయింట్ టూటూ, అంటే సన్న తూటా పిస్తోలు చూపించి, కొత్తవాడికి ఇదే మంచిదని, చెయ్యి అదరదని, తూటాలు చవకని చెప్పాను. అతని చూపు మాత్రం పక్కనున్న పొట్టి నల్లదాని మీదే. జేబులో పట్టేంత చిన్నవి గురి పోటీవాళ్లకు చట్టం ఎలాగూ ఇవ్వదు. ఇచ్చేవాటిలో అన్నిటికంటే పొట్టిది అదే.

"ఇది డ్రాయర్‌ల పడ్తదా అంకుల్?" అన్నాడు ఒకసారి.

"డ్రాయర్లో పెట్టకూడదు. గచ్చుకు బోల్టులు వేసిన ఇనప్పెట్టెలో పెట్టాలి. తూటాలు వేరే తాళంలో."

"ఆ, ఆ, తెలుసు. జస్ట్ అడిగిన."

జస్ట్ అడిగాడని నేనూ జస్ట్ విన్నాను. ఇంకా ఏం కావాలి నాకు రుజువు? ఎదుట బల్ల మీద ఉన్న రుజువు చూడడానికి ఇష్టపడని హేతువాది కంటే గుడ్డివాడు ఉండడు.

గరాజ్‌లో పెట్టె బిగించాడు, పర్మిట్ వచ్చింది. కొనడానికి మాత్రం నెల ఆగాడు. ఎందుకని అడిగితే విజయదశమికని చెప్పాడు. పురోహితుడు పదకొండు దాటాక మంచి ఘడియలు ఉన్నాయన్నాడట. ఆయుధ పూజ రోజు ఆయుధం కొనాలి కదా అని అతని వాదన. నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. పంచాంగం రాసినవాడికి పిస్తోలు తెలియదన్నాను. అతను నవ్వి, "మీరు నమ్మకుండ్రి అంకుల్, నేను రిస్క్ తీస్కోను," అన్నాడు. ముహూర్తం మీద అంత ఆవేశపడ్డ నేను, అసలు సంగతి మీద ఒక్క మాటా అనలేదు.

ఆ రోజు భార్యనూ, ఏడేళ్ల కూతురినీ తీసుకుని వచ్చాడు. ఆమెను నేను చూడడం అదే మొదలు. పట్టుచీర మీద కార్డిగన్ వేసుకుంది. చేతిసంచిలో కుంకుమ పొట్లం, నిమ్మకాయ ఉన్నాయి, అవి అతను పెట్టించినవని తరువాత తెలిసింది. పాప కౌంటరు అంచుకు గడ్డం ఆనించి, "డాడ్, హౌ లాంగ్?" అంటోంది.

యజమాని కాగితాలన్నీ చూశాడు. ఏ లోపమూ లేదు. పొట్టి నల్లదాన్ని తెచ్చి, ఖాళీగా తెరిచి గుడ్డ మీద పెట్టాడు. ప్రశ్న అడిగాడు.

"ఓన్లీ మీ," అన్నాడు మనవాడు వెంటనే. "తాళంచెవి నా దగ్గరే. ఇంకెవ్వరి దగ్గరా ఉండదు." క్లబ్బులో నేర్పిన జవాబే. లైసెన్సు ఉన్నవాడి చేతికి తప్ప ఇంకెవరి చేతికీ తాళంచెవి అందకూడదు, ఇంట్లోవాళ్లతో సహా. అది చట్టం.

అప్పుడు ఆమె నెమ్మదిగా, తెలుగులో అడిగింది. "మరి నువ్వు మెల్‌బోర్న్ పోతే?"

ప్రతి సోమవారం ప్రాజెక్టు పని మీద విమానమెక్కి గురువారం తిరిగొస్తాడని నాకు తెలుసు. దొంగతనం జరిగింది ఒక మంగళవారం మధ్యాహ్నం. అదీ అతనే చెప్పాడు.

అతను గొంతు తగ్గించకుండానే జవాబిచ్చాడు. ఎందుకు తగ్గించాలి? ఎదుట ఉన్నది ఇంగ్లిషు తప్ప ఏమీ రాని ముసలాయన, పక్కనున్నది మన అంకుల్. "కీ పప్పుల డబ్బా ఎనక పెట్టిపోత. తూటాల తాళం గూడ ఆడ్నే. నీకు ఎట్ల లోడ్ చెయ్యాల్నో సండే చూపిస్త లే."

పరాయి దేశంలో మన భాష మనకు నాలుగు గోడలున్న గది. రైల్లో, ఆసుపత్రిలో, ఇల్లు చూపించేవాడి ముందు, అన్నిచోట్లా తలుపు వేసుకున్నట్టు మాట్లాడుకుంటాం. ఆ రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను. నన్ను సొంతవాణ్ణి అనుకున్నందుకే నా ముందు మాట్లాడాడు.

యజమాని టీ కప్పు కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. "ఏమంటున్నారు?"

నా బుర్రలో వాదసభ మొదలైంది. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. నేను ఫిట్టర్ని, న్యాయమూర్తిని కాదు. మనవాడు, మంచివాడు. ఆర్నెల్లు తిరిగాడు. "పండగ గురించి మాట్లాడుకుంటున్నారు," అంటే చాలు, ఒక్క క్షణంలో అయిపోతుంది. ఇవన్నీ ఎదుటివాడి నోట విని ఉంటే ఒక్కొక్కటీ తునకలు చేసేవాణ్ణి. నా నోట వస్తే ఎంత బాగున్నాయో!

పాప గడ్డం ఇంకా కౌంటరు మీదే ఉంది. పప్పుల డబ్బా అందుకోవడానికి ఆ ఎత్తు సరిపోతుంది, కుర్చీ కూడా అక్కర్లేదు.

నేను చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, డబ్బాతో సహా ఇంగ్లిషులో చెప్పాను.

మనవాడి మొహంలో మొదట కోపం రాలేదు, అయోమయం వచ్చింది. తన ఇంట్లో తన కుర్చీయే తనను తోసేసినట్టు చూశాడు. తరువాత వచ్చింది కోపం.

"అంకుల్! మనోడని నమ్మిన గదా! రూట్ చెప్పింది మీరే, ఇప్పుడు కట్ చేసేది గూడ మీరేనా?"

"రూట్ చెప్పింది నేనే," అన్నాను. అది కూడా ఇంగ్లిషులోనే అన్నాను, యజమాని వినాలని.

"ఇంతకన్న తెల్లోడు నయం!"

అప్పుడు ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. "అంకుల్‌ను ఎందుకంటవ్? నన్నడిగినవా ఎన్నడన్న?"

"నీ కోసమే గదనే ఇదంత!"

"నా కోసమా? ఇంట్ల దొంగను చూసింది నేను. నా దిండు గలీబుల నా బంగారమేస్కొని, సారీ అని చెప్పి, నా పక్కకెల్లే పోయిండు. నాకు తుపాకుంటే ఏం చేస్తుంటి? పాపను ఎత్తుకోవాల్నా, గరాజ్‌లకు ఉరకాల్నా, తూటాలేయాల్నా? నాకు తుపాకి వద్దు. మంగళారం నువ్వు ఇంట్ల ఉండు. తొమ్మిది నెలలకెల్లి గదే చెప్తున్న."

పక్క షాపులో బండ కోసే రంపం మోగుతోంది. పదకొండు దాటిన మంచి ఘడియలు గోడ గడియారం మీద ఒక్కొక్కటే పోతున్నాయి.

"ఆమె ఏమంది?" అన్నాడు యజమాని. అదీ అనువదించాను. ఆయన పిస్తోలు మూసి, అద్దం వెనక పెట్టేసి తాళం వేశాడు. "నా కొట్టులో ఇది నీకు అమ్మను, మేట్. క్లబ్బు వాళ్లకు నేను ఫోన్ చెయ్యకముందే నువ్వే వెళ్లి చెప్పడం మంచిది," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ తరువాత ఆమెకు టీ పోసి ఇచ్చాడు, పాపకు బిస్కెట్టు ఇచ్చాడు. మనవాడు టీ ముట్టుకోలేదు. వెళ్తూ నా వైపు చూడనూ లేదు.

వాళ్లు వెళ్లాక యజమాని అడిగాడు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

ఆయన చాలాసేపు గుడ్డ మడత పెట్టాడు. "ఈరోజు బాగా అనువదించావు. మొదటి రోజే చెయ్యాల్సింది." అంతే. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. మర్నాటి నుంచి మొదటిసారి వచ్చేవాళ్లతో ముందుగా మాట్లాడే పని మాత్రం నాకు అప్పజెప్పాడు. "భయంతో వచ్చావా?" అని నేను అడగాలి. అవునంటే కూర్చోబెట్టి టీ ఇవ్వాలి, తలుపులకు మంచి తాళాలు వేసేవాళ్ల కార్డు ఇవ్వాలి, పంపేయాలి. ఆ కార్డులు ఎన్నో ఇచ్చాను. నన్ను శిక్షించడానికి ఆయనకు అంతకంటే దయగల మార్గం దొరికి ఉండదు. వాదించి గెలవడమే తెలిసిన నాకు, అడిగి వినడం ఆ కౌంటరు దగ్గరే అలవాటైంది. అందుకు ఆ ఆకుపచ్చ స్వెట్టరుకు రుణపడి ఉన్నాను.

మనవాళ్లలో నా పేరు మారుమోగింది. హెలెన్స్‌బర్గ్ గుడికి నేను దేవుడి కోసం వెళ్లను, క్యాంటీను దోసె కోసం వెళ్తాను. ఆ ఎండాకాలం అక్కడ నా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉండేవి. "మనోడి నోటికాడి కూడు తీసిండు," అని ఒకాయన నాకు వినపడేట్టే అన్నాడు. తిరగబడి వాదించవచ్చు. కూడు కాదు నాయనా, అది తాయెత్తు, ఇనుముతో చేసింది, కట్టుకున్నవాడికి ధైర్యం ఇస్తుంది, కాపాడదు, పైగా పిల్లల చేతికి దొరికితే చంపుతుంది అని గంటసేపు చెప్పగలను. చెప్పలేదు. ఆ తాయెత్తు అతని చేతికి కట్టబోయింది నేనే కనక.

అతను ఏం చేశాడో చాలాకాలం తెలియలేదు. తరువాత క్లబ్బు సభ్యుడొకాయన చెప్పాడు. మర్నాడే వెళ్లి నిజం చెప్పి, లైసెన్సు తనే వెనక్కి ఇచ్చేశాడట. మెల్‌బోర్న్ ప్రాజెక్టు మానుకుని, జీతం తక్కువైనా సిడ్నీలోనే వేరే పని చూసుకున్నాడట. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

నా ఆఖరి పనిదినం ఒక మంగళవారం. యజమాని కేకు తెచ్చాడు, దాని మీద లేతు బొమ్మ వేయించాడు, అది చూడ్డానికి కుట్టుమిషనులా ఉంది. మధ్యాహ్నం రెండింటికి తలుపు గంట మోగింది. మనవాడు, అతని భార్య. అతని జుట్టు కొంచెం నెరిసింది. పాప బడిలో ఉందట, మూడింటికి తెచ్చుకోవాలట.

అతను కాగితాలు కౌంటరు మీద పెట్టాడు. కొత్త లైసెన్సు, కొత్త పర్మిట్. కోర్సు, ఆర్నెల్లు, అన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాడు.

"లైసెన్సు ఇచ్చేసినంక క్లబ్బుకు పోవుడు బంద్ చేద్దామనుకున్న అంకుల్. గని అక్కడ ఊపిరి బిగవట్టి నిలవడ్తే దిమాక్ ఖాళీ అయితది. ఫోన్ల లొల్లి లేదు, ఆఫీస్ లొల్లి లేదు. గా పది నిమిషాలు ఇడవబుద్ధి కాలె." ఒక అట్టముక్క తీసి ఇచ్చాడు. గురి పోటీలో కాల్చిన కాగితం. రంధ్రాలన్నీ నడిమి నలుపులోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. "గప్పుడు ఫారంల మీరు రాయమన్న రీజన్ ఉంది సూడుండ్రి, గది ఇప్పుడు నిజమైంది."

రుజువు చూపించమని నేను అడక్కుండానే చూపించాడు. సభల్లో పెరిగినవాడికి అది చిన్న విషయం కాదు.

అద్దం వెనకనుంచి పొడుగు గొట్టం పాయింట్ టూటూ అతనే చూపించాడు. ఏ డ్రాయర్లోనూ పట్టదు అది. నేను దాన్ని గుడ్డ మీద ఖాళీగా తెరిచి పెట్టాను. యజమాని దూరంగా కేకు కోస్తూ ఆగాడు. ప్రశ్న నన్నే అడగమని చేత్తో సైగ చేశాడు.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది బాబూ?" అన్నాను.

అతను భార్య వైపు చూశాడు.

"నాకు తెల్వది అంకుల్," అందామె నవ్వుతూ. "నేను అడగలె, ఆయన చెప్పలె. ఇప్పుడు దొంగలొచ్చినా మంగళారం ఈయన్నే ఎదురొస్తడు."

అతను చొక్కా పై గుండీ విప్పి నల్లదారం బయటికి లాగాడు. దారానికి తాళంచెవి వేలాడుతోంది. దాని పక్కనే, వాళ్లమ్మ కట్టించిందట, చిన్న రాగి తాయెత్తు.

ఏది దేన్ని కాపాడుతోందో అతనికి వివరించడానికి అలవాటు కొద్దీ నోరు తెరిచాను. తెరిచిన నోట్లో యజమాని కేకు ముక్క పెట్టాడు.